పది సెకన్లు

ఆదోనిలో ఏ కంప్యూటర్ మూత తీసినా
ముందు దూది రాలుతుంది.
జిన్నింగు మిల్లుల గాలి
ఫ్యాను రెక్కల నడుమ చిన్న పరుపు కుట్టుకుని
పడుకునుంటుంది.
వేడెక్కి ఆగిపోయే పెట్టెల్లో సగానికి మందు
ఒక బ్రష్షు, నోటి ఊదుడు.
ఇంకొన్నిటికి, నవ్వొద్దు, బడిపిల్లల రబ్బరు.
ర్యామ్ పట్టీ బంగారు పళ్లను
నాలుగుసార్లు రుద్ది పెడితే
మూడు బీపుల ఏడుపు మానుతుంది.

మద్దిలేటన్న పెట్టెకు ఈ మందులేవీ పట్టలేదు.

"రేప్పొద్దున పెండ్లిపత్రికలు ఇయ్యల్లప్పా,
కోసిగి వాళ్లు ఎనిమిదింటి బస్సుకే దిగుతారు.
దీన్ని చూస్తే నల్లగా ఉండాది."

నల్లగానే ఉంది.
నలుపు మీద ఒకే వాక్యం, తెల్లగా:
అలాంటి విభాగం లేదు.
దాని కింద ఆరుతూ వెలుగుతూ ఒక గీత,
ఇల్లు కనబడక
వీధి మొదట్లో నిలబడ్డ చుట్టం లెక్క.

ఒకే డిస్కులో రెండు కాపురాలు.
ఒకదాంట్లో పాత విండోస్, పేజ్‌మేకర్,
ఇరవై ఏండ్ల శుభలేఖలు, సంతాపాలు, కరపత్రాలు.
ఇంకోదాంట్లో లినక్స్.
ఈ గదిలోని చి.ల.సౌ. ఆ గదిలో తెరిస్తే
డాలర్లు, కొక్కేలు, ఆశ్చర్యార్థకాలు.
గడపలో గ్రబ్ అనే వాచ్‌మన్.
ఎటు పోతావని అడిగి
పది సెకన్లు చూసి
తనే ఒక తలుపు తీసేవాడు.

"జాగా చాల్లేదని నిన్న ఒక ఖాళీ డ్రైవు తీసేసినా"
అన్నాడన్న, తల గోక్కుంటా.
ఖాళీ కాదది. పేరు లేనిది, అంతే.
విండోస్ కంటికి తనది కానిదంతా ఖాళీనే.

"అసలా రెండోది ఎవరు పెట్టినారు?"

"మూడేండ్ల కింద వైరస్ పడినప్పుడు
ఎవరో పిల్లోడు ఏసిపోయినాడు. తీసేయప్పా దాన్ని.
ఎవురూ ముట్టకపోయినా అప్పుడప్పుడు
టైము ఐదున్నర గంటలు ఎనక్కి పోతాంటాది."

ఎవరూ ముట్టకపోతే గడియారం వెనక్కి పోదు.
లినక్స్ లేచిన ప్రతిసారీ
లోపలి ముళ్లను లండన్ పొద్దుకు తిప్పి పోతుంది.
తెల్లారి విండోస్ లేచి
దాన్నే ఆదోని పొద్దనుకుంటుంది.
టైపు కుర్చీలో నాగవేణి
చచ్చిన కీబోర్డు మీదే వేళ్లు పెట్టుకుని ఉంది,
నా దిక్కు చూడకుండా.
షాపు తాళంచెవి ఆమె కొంగుముడిలో.

పెన్‌డ్రైవు పెట్టి లేపినాను.
డిస్కును మొదటి గడి నుంచి చదివించినాను.
మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ కూసింది,
టీ వచ్చింది, చల్లారింది.
తొమ్మిదిన్నరకు బయటపడింది పోయిందనుకున్నది.
మనిషి యాడికీ పోలేదు,
ఇంటి నంబరు చెరిపేసినారంతే.
లోపల ఒక ఫోల్డరు,
పాఠం ఒకటి నుంచి పాఠం అరవై మూడు దాకా.
అన్నిటి తేదీల పక్కనా రాత్రి టైములు.
తెరవలేదు.

"తీసేసినావా?"
"తీసేస్తే మొదటిది గూడా లేవదన్నా. ఉండనీ."

సగం నిజం.
ఆ మిగతా సగం తీసేయడం నాకు వచ్చు.

గ్రబ్‌ను మళ్లీ గడపలో కూర్చోబెట్టినాను.
పై వరుసలో విండోస్.
అన్న ఏమీ నొక్కనక్కర్లేదు.
కింది బాణం నొక్కేవాళ్లకు
పది సెకన్లు.

మూసే ముందు లినక్స్‌లోకి పోయి
ఒక్క వాక్యం రాసినాను,
ఇకనుంచి నువ్వు గూడా ఆదోని టైమే పాటించు అని.
ఇంక ఆ గడియారం
ఎవరి రాత్రుల మీదా చాడీలు చెప్పదు.

ప్రింటరు దగ్గి, ఎర్రటి మొదటి కాపీ కక్కింది.
బసవరాజు వెడ్స్ గంగోత్రి.
మూడొందలడిగితే రెండున్నర వందలిచ్చి
పత్రిక నా చేతిలో పెట్టినాడన్న,
తప్పులున్నాయేమో చూడమని.
ఉంది. ముహూర్తంలో ఒక దీర్ఘం తక్కువ.
నేను చెప్పేలోపే
నాగవేణి దిద్దుతోంది.